రాగి పైపా, ప్లాస్టిక్ పైపా? ముందు ఎర్త్ వైరు యాడ కట్టినారో చూడండప్పా

మా అమ్మ ఉండే ఇల్లు ముదిగుబ్బలో ముప్పై ఏండ్ల కిందట కట్టిన మిద్దె. వంటింటి కొళాయి తిప్పితే నూలు దారం మాదిరి నీళ్లొస్తాండె. మిద్దె మీద ట్యాంకు నిండుగానే ఉంటాది, కొళాయి కూడా కొత్తదే. అయినా బిందె నిండాలంటే కాలుగంట. ప్లంబరు వచ్చి గోడలో ఉన్న జీఐ పైపును మూరెడు కోసి చేతికిచ్చినాడు. లోపల చూస్తే అరంగుళం పైపులో పెన్సిలు దూరేంత బొక్క మిగిలింది. చుట్టూ తెల్లగా గార, దాని కింద ఎర్రగా తుప్పు. మన బోరు నీళ్లు ముప్పై ఏండ్లు పోయిన దారి అది.

"అన్నీ మార్చాల్సిందేన్నా" అనె.

ఆ రాత్రే ఇంట్లో పంచాయితీ మొదలాయె. బెంగుళూరులో పనిచేసే మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసి, "అన్నా, అమెరికాలో, లండన్‌లో అన్నీ రాగి పైపులేనంట. ఒకసారి వేస్తే యాభై ఏండ్లు చూడాల్సిన పనిలేదంట" అన్నాడు. అమ్మకు ఆ మాట శానా నచ్చింది. రాగి బిందెలో నీళ్లు మంచివంటారు, పైపే రాగిదైతే ఇంగేం కావాల అని ఆమె లెక్క. పొద్దున ప్లంబరును అడిగితే, "అన్నా, ఈడ రాగి పైపు అతికేది ఏసీ మెకానిక్కు, నేను కాదు" అని నవ్వె.

నేను నెల రోజులు కదిరి, ధర్మవరం అంగళ్లు తిరిగి, చదివి, నలుగురిని అడిగి, మధ్యలో రెండు తప్పులు చేసి తెలుసుకున్నది రాస్తాండా. మొదటి తప్పు దుడ్లతో పోయింది. రెండోది ప్రాణం మీదికి రావాల్సింది, తప్పిపాయె. మన ఊర్లల్లో ముప్పై, నలభై ఏండ్ల మిద్దెలన్నీ ఇప్పుడు పైపులు మార్చే వయసుకొచ్చినాయి కాబట్టి ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు.

రాగిలో ఉండే మంచి

రాగిని తక్కువ చేసి మాట్లాడను. ఎండకు పెళుసు కాదు, సలసల కాగే నీళ్లు పోయినా వంగదు, ఎలుక కొరకలేదు. అమెరికా, బ్రిటన్ ఇండ్లల్లో దశాబ్దాలుగా దాన్నే వాడినారంటే ఊరికే కాదు. ఆ దేశాలల్లో చలి. ఇంటి నిండా వేడి నీళ్ల పైపులు తిరగాల. ప్లాస్టిక్ ఆ పనికి పనికిరాని కాలంలో రాగే దిక్కు.

తమాషా ఏమంటే, ఇప్పుడు మనం వాడే సీపీవీసీ పైపు కొలతలు రాగి నుంచి వచ్చినవే. దానిని సీటీఎస్ సైజు అంటారు, అంటే రాగి గొట్టం సైజు. ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు బయటి కొలత 22.2 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం రాగి పైపు బయటి కొలతా అదే. రాగి ఉండిన చోటికి ప్లాస్టిక్ పోయి కూర్చున్నాదన్న మాట. దీని వల్ల మనకొక చిక్కు కూడా ఉండాది, తర్వాత చెప్తా.

ఇంగ ఖర్చు. అంగట్లో ధర అడిగే ముందు ఈ లెక్క మీరే వేసుకోండి. 22 మిల్లీమీటర్ల రాగి పైపు, గోడ మందం 0.9 మిల్లీమీటరు అనుకుంటే, మీటరుకు అర కిలో పైన తూగుతాది. మామూలు ఇంటికి, ట్యాంకు నుంచి దింపేది, వంటిల్లు, రెండు బాత్‌రూములు, బయటి తొట్టి అన్నీ కలిపి 200 అడుగులు సులభంగా పడతాది. అంటే 30 కిలోల పైన రాగి. ఈ రోజు రాగి కిలో ఎంతో ఫోన్‌లో చూసి గుణించండి. అది ఉత్త లోహం ధర. పైపుగా చేసిన కూలి, ఎల్బోలు, టీలు, అతికేవాళ్ల కూలి ఆ పైన.

దొంగల సంగతి చెప్పాల్సిన పనేలేదు. చేన్లల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి లోపలి రాగి తీగ ఎత్తుకపోయేది, బోరు కేబుళ్లు కోసుకపోయేది మన జిల్లాలో ప్రతి రైతుకూ తెలుసు. మిద్దె మీద బయటికి కనపడేట్ల రాగి పైపు వేసి, తాళం వేసుకుని పెండ్లికి పోతే ఏమైతాదో మీరే ఊహించుకోండి.

అతికేది ఇంకో కత. రాగి పైపును మంట పెట్టి, పూత లోహం కరిగించి అతకాల. వాడకూడని పూత వాడితే సీసం నీళ్లలోకి వస్తాది. అమెరికాలో తాగునీటి పైపులకు సీసం ఉండే పూతను 1986లో చట్టం చేసి ఆపినారు. మన దగ్గర రాగి అతికే చెయ్యి ఉండేది ఫ్రిజ్, ఏసీ మెకానిక్కులకు. వాళ్లు అతికేది గ్యాసు పైపు, తాగే నీళ్ల పైపు కాదు. వాళ్ల పూతలో ఏముండాదో అడిగే అలవాటు మనకు లేదు, చెప్పే అవసరం వాళ్లకు రాలేదు.

ఇదంతా అమ్మకు చెప్తే, "సరేలే నాయనా, మరి ఆరోగ్యం?" అనె.

రాగి బిందె వేరే, రాగి పైపు వేరే

రాగి నీళ్లలో పురుగులను చంపుతాదనేది ఉత్త నమ్మకం కాదు. బెంగుళూరు పరిశోధకులు 2012లో అచ్చేసిన పరీక్షలో, విరేచనాల రోగం తెచ్చే సూక్ష్మజీవులు కలిపిన నీళ్లను రాగి పాత్రలో 16 గంటలు పెడితే అవి బతకలేదు. అయితే ఆ 16 గంటలే కీలకం. పైపులో నీళ్లు ట్యాంకు నుంచి కొళాయికి వచ్చేది కొన్ని సెకండ్లు. ఆ మాత్రానికి ఏమీ చావదు. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లలో రాగి దిగుతాది, నిజమే. కానీ రాగి పైపులు ఉండే దేశాలల్లో పొద్దున వచ్చే ఆ మొదటి నీళ్లను తాగకుండా వదిలేయమని చెప్తారు. ఏమిటికంటే రాగి కూడా మితిమీరితే కడుపులో తిప్పుతాది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు.

అసలు సంగతి ఇంకోటి. మన అనంతపురం, సత్యసాయి జిల్లాల నీళ్లలో జనాన్ని కుంగదీసింది ఫ్లోరైడ్. పండ్లు గారబట్టి, మోకాళ్లు వంగి నడిచే పెద్దోళ్లను చూడని ఊరు తక్కువ. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాల, వేరే దారి లేకపోతే 1.5 దాకా. రాగి పైపు గానీ రాగి బిందె గానీ ఫ్లోరైడ్‌ను రవ్వంత కూడా తగ్గించవు. కాచినా పోదు, కాచి నీళ్లు ఇగిరితే ఇంకా చిక్కబడతాది. దానికి మందు నీళ్లు మార్చుకోవడమే. 1990లలో సత్యసాయి ట్రస్టు మన జిల్లాలో 700కు పైగా ఊర్లకు తాగునీళ్లు తెచ్చిందంటే, దూరం నుంచి మంచి నీళ్లు మోసుకొచ్చింది కాబట్టే దానికి విలువ. ఆ పథకం పేరు మీద 1999లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. పైపు దేనితో చేసినారని ఎవరూ అడగలే, పైపులో ఏ నీళ్లు వస్తాండాయని అడిగినారు.

అందుకే పైపులు మార్చే రోజు అందరూ చేయాల్సిన పని ఒకటుండాది. పంచాయతీ పథకం నీళ్లకు ఒక లైను, బోరు నీళ్లకు ఒక లైను వేరువేరుగా వంటింట్లోకి వేయించుకోండి. శానా ఇండ్లల్లో రెండూ ఒకే సంపులో కలిపేస్తాండారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు 55 లీటర్లు ఇయ్యాలని లెక్క. తాగేకి, వండేకి అందులో కొంతే పడతాది. ఆ మంచి నీళ్లను బోరు నీళ్లలో కలిపి, మళ్లీ ఆర్వో ప్లాంటుకు పోయి క్యాను కొనుక్కునేది ఏం తెలివి? వంటింట్లో రెండు కొళాయిలు పెడితే ఆ బాధ లేదు. అప్పటికప్పుడు గాడి కొట్టి ఉంటారు కాబట్టి అదనంగా అయ్యేది ఇరవై, ముప్పై అడుగుల పైపు మాత్రమే.

ప్లాస్టిక్ అనేది ఒక్కటి కాదు

మన ఊర్లల్లో ప్లాస్టిక్ పైపు గురించి రైతు బిడ్డలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బోరులో కేసింగ్ నీలం రంగు, చేన్లో బూడిద రంగు పీవీసీ, డ్రిప్పుకు నల్ల లేటరల్. ఆ లేటరల్ నల్లగా ఏమిటికి ఉంటాదో ఎప్పుడన్నా అడిగినారా? దాంట్లో కార్బన్ బ్లాక్ అనే మసి కలుపుతారు. ఎండలో ఉండే అతినీల కిరణాలు ప్లాస్టిక్‌ను లోపలికి పోయి తెంపకుండా ఆ మసి అడ్డం పడతాది. తెల్ల పైపుకు ఆ రక్షణ అంత ఉండదు. అందుకే మిద్దె మీద ఎండకు పడుండే తెల్ల పైపు నాలుగైదేండ్లకు పొడి రాలి, చెయ్యి తగిలితే పటుక్కుమంటాది. మన ఎండల సంగతి మీకు తెలుసు. పైకి వేసిన పైపుకు తెల్ల రంగు పూయండి, లేదంటే గుడ్డ చుట్టి సిమెంటు పూయండి. లోపల గోడలో ఉండేదానికి ఈ బాధ లేదు.

ఇండ్లల్లో వాడేవి ముఖ్యంగా రెండు. తెల్లగా ఉండేది యూపీవీసీ, చన్నీళ్లకు. మీగడ రంగులో ఉండేది సీపీవీసీ, వేడి నీళ్లకు, చన్నీళ్లకు రెంటికీ. ఆకుపచ్చగా ఉండే పీపీఆర్ కూడా ఉండాది, దాన్ని వేడి మిషను పెట్టి అతుకుతారు. కువైట్ పోయొచ్చిన మన కదిరి, రాయచోటి పనివాళ్లకు అది బాగా తెలుసు. అతికే మిషను, చెయ్యి తిరిగిన మనిషి ఉంటే మంచి పైపే.

యూపీవీసీకి, సీపీవీసీకి తేడా ఏమంటే క్లోరిన్. మామూలు పీవీసీలో బరువులో సుమారు 57 శాతం క్లోరినే ఉంటాది. దానికి ఇంకొంత క్లోరిన్ ఎక్కించి 63 నుంచి 69 శాతం దాకా తీసుకపోతే సీపీవీసీ ఐతాది. ఆ రవ్వంత తేడాతో వేడి తట్టుకునే బలం ఎక్కడికో పోతాది. యూపీవీసీకి 45 డిగ్రీలు దాటితే కష్టం. సీపీవీసీ 82 డిగ్రీల దాకా పని చేస్తాది.

నా మొదటి తప్పు ఈడ జరిగింది. నేను ఊర్లో లేనప్పుడు గీజరు నుంచి షవరు దాకా ఉండే పదడుగుల పైపు, సీపీవీసీ తక్కువ పడిందని, మిగిలిన తెల్ల యూపీవీసీతో కానిచ్చేసినారు. గోడ మూసేసినారు. టైల్స్ అతికినారు. నేను వచ్చి చూసి, "పోనీలే, పదడుగులే గదా" అనుకున్నా. చలికాలం వచ్చింది. రెండు నెలలు వేడి నీళ్లు పోయినాక ఎల్బో దగ్గర పైపు మెత్తబడి జారింది. గోడ చెమ్మగిల్లి, పక్క గదిలో రంగు బుడగలు లేచె. పదడుగుల పైపు మిగిలించుకోబోయి ఆరు టైల్సు, రెండు రోజుల బేల్దారి కూలి, మళ్లీ ప్లంబరు. తప్పు పనివాళ్లదే అని అప్పుడు అరిచినా. ఇప్పుడనిపిస్తాది, చూసి గూడా నోరు మూసుకున్నది నేనే.

వేడికి వంగిపోయే గుణం సీపీవీసీకి లేదని కాదు. మామూలు వేడిలో ఎస్‌డీఆర్ 11 రకం పైపు తట్టుకునే ఒత్తిడిలో, 82 డిగ్రీల దగ్గర మిగిలేది నాలుగో వంతే. కానీ మన ఇండ్లల్లో ఒత్తిడి ఎంత? ట్యాంకు పదడుగుల ఎత్తులో ఉంటే చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోలు. ఇరవై అడుగులకు 0.6. ఆ మిగిలిన నాలుగో వంతు బలమే 7 కిలోలు. కాబట్టి ఒత్తిడికి పగిలే భయం మన మిద్దె ఇండ్లల్లో లేనట్లే. ప్లాస్టిక్ మన దగ్గర చెడేది ఎండకు, వేడికి, అతుకు దగ్గర.

ఎస్‌డీఆర్ అంటే ఏమోనని భయపడొద్దు. పైపు బయటి కొలతను గోడ మందంతో భాగిస్తే వచ్చే అంకె. అంకె తక్కువైతే పైపు మందం. 22.2 మిల్లీమీటర్ల పైపుకు ఎస్‌డీఆర్ 11 అయితే మందం 2 మిల్లీమీటర్లు, 13.5 అయితే 1.6. వేడి నీళ్ల లైనుకు 11 అడగండి. అంగట్లో అడక్కపోతే 13.5 ఇచ్చేస్తారు, రేటు తక్కువ కాబట్టి మనమూ తల ఊపుతాం.

ఇంగ ముందు చెప్తానన్న చిక్కు. పాత జీఐ అరంగుళం పైపు లోపలి బొక్క సుమారు 16 మిల్లీమీటర్లు. సీపీవీసీ అరంగుళం రాగి కొలత కదా, లోపలి బొక్క 12 మిల్లీమీటర్ల పైచిలుకే. రెండూ "అరంగుళమే", కానీ నీళ్లు పోయే దారి సుమారు 60 శాతానికి పడిపోతాది. పాతది అరంగుళమని కొత్తది అరంగుళం వేసి, "కొత్త పైపు వేసినా దారే తగ్గిందే" అని తల పట్టుకునేవాళ్లు శానా మంది ఉండారు. ట్యాంకు నుంచి దిగే లైను అంగుళమో అంగుళంకాలో ఉండాల, బాత్‌రూము దాకా ముప్పావు, చివర కొళాయికి మాత్రమే అరంగుళం. మా వంటింట్లో ఇప్పుడు బిందె నిండేకి నిమిషం చాలు.

సీసం మాట కూడా చెప్పాల. పీవీసీని కరిగించి పైపు పోసేటప్పుడు అది వేడికి విరిగిపోకుండా ఒక స్టెబిలైజర్ కలుపుతారు. చౌకగా అయ్యేది సీసం. అది పైపులో నుంచి మెల్లగా నీళ్లలోకి దిగుతాది, పిల్లల మెదడుకు చేటు. తాగునీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం. కాల్షియం, జింకు, తగరం వాడి కూడా పైపు పోయొచ్చు. కేంద్ర పర్యావరణ శాఖ 2021లో పీవీసీ పైపులలో సీసం వాడకం మీద నియమాలు తెచ్చింది. అయినా పేరూ ఊరూ లేని పైపు లారీల్లో వస్తానే ఉండాది. పైపు మీద ముద్ర చదవండి. సీపీవీసీ అయితే ఐఎస్ 15778, తాగునీళ్ల యూపీవీసీ అయితే ఐఎస్ 4985, పక్కనే లైసెన్సు నంబరు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తాది. రెండు నిమిషాల పని. చేన్లో మిగిలిన, ముద్ర చెరిగిన పైపు తెచ్చి వంటింటికి వేసే అలవాటు మాత్రం మానుకోండి.

ప్లాస్టిక్ మీద గుడ్డి నమ్మకం కూడా వద్దు. అమెరికాలో 1978 నుంచి 1995 దాకా పాలీబ్యూటిలీన్ అనే ప్లాస్టిక్ పైపును లక్షల ఇండ్లకు వేసినారు. రాగి కంటే చౌక, అతికేది సులభం అని. నీళ్లల్లో కలిపే క్లోరిన్‌కు అది లోపల నుంచి పొరలు పొరలుగా పగిలిపాయె. కోర్టు కేసులు పడి కంపెనీలు వేల కోట్ల రూపాయలు కట్టాల్సొచ్చింది. మనం వాడే సీపీవీసీ అది కాదు, దానిలోనే క్లోరిన్ ఉండాది కాబట్టి బ్లీచింగు నీళ్లకు బెదరదు. అయినా కొత్త పేరుతో చౌక పైపు వస్తే, ఎవరో ఒకరి ఇంట్లో పదేండ్లు పని చేసినాకే నమ్మేది నా పద్ధతి.

అసలు భయం

ఇప్పుడు రెండో తప్పు. పైపులన్నీ మార్చి వారం అయింది. అమ్మ ఫోన్ చేసి, "వాషింగ్ మిషను ముట్టుకుంటే జివ్వుమంటాది నాయనా, చీమలు పాకినట్ల" అనె. తడి చెయ్యేమోలే అన్నా. రెండు రోజులకు మళ్లీ, "గీజరు వేసి కొళాయి ముట్టుకుంటే కూడా" అనె. అప్పుడు భయమేసి బస్సెక్కినా. ఎలక్ట్రీషియన్ టెస్టరు పెడితే మిషను ఒంటికి లైటు వెలిగె. ఎర్త్ వైరు ఎక్కడికి పోతాందో వెతుకుతూ పోయినాడు. పచ్చ వైరు బోర్డు వెనక నుంచి గోడలోకి దిగి, బాత్‌రూము పక్కన ఒక మొండి జీఐ పైపు ముక్కకు చుట్టి ఉండాది. ఆ ముక్క అవతల ఏమీ లేదు. అవతల ఉండేదంతా మేము కోసి పాతినుపోడికి అమ్మేసినాం.

సంగతి ఏమంటే, పాత ఇండ్లల్లో ఎర్త్‌కు వేరేగా గుంత తవ్వి రాడ్డు పాతిన ఇండ్లు తక్కువ. నీళ్ల పైపు ఇనుముది, భూమిలోకి పోతాది, బోరు దాకా పోతాది. దానికే వైరు కట్టేసేవాళ్లు. అది సరైన పద్ధతి కాదు, కానీ ముప్పై ఏండ్లు పని చేసింది. మిషనులో ఎక్కడన్నా కరెంటు ఒంటికి దిగితే పైపు పట్టుకుని భూమిలోకి పోయేది. మేము ఇనుప పైపు తీసి ప్లాస్టిక్ వేసినాం. ప్లాస్టిక్‌లో కరెంటు పోదు. కరెంటు పోయే దారి మూసేసి, అమ్మ చెయ్యిని దారిగా పెట్టినాం.

ఇది ప్లంబరుకు తెలియదు, ఆయన పని నీళ్లు. ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవలే, ఏమిటికంటే మార్చింది పైపులు కదా. ఇద్దరి మధ్యలో పడి పోయేది ఇంట్లో బట్టలుతికే మనిషి. ఇంత చదివి, ఎస్‌డీఆర్ లెక్కలన్నీ వేసి, నేను ఈ ఒక్కటి చూడలే.

కాబట్టి మీ ఇంట్లో జీఐ తీసి ప్లాస్టిక్ వేయబోతాంటే, పైపు కొయ్యక ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ యాడికి పోతాదో చూపించుకోండి. పైపుకు కట్టి ఉంటే ముందు వేరే ఎర్త్ గుంత వేయించండి. ఆ గుంత నుంచి బోర్డు దాకా రాగి తీగ లాగించండి. గీజరుకు, వాషింగ్ మిషనుకు, గ్రైండరుకు, మోటారుకు మూడో పిన్ను నిజంగా ఆ తీగకు కలిసిందో లేదో చూడమనండి. శానా బోర్డులల్లో మూడో బొక్క ఉత్త అలంకారమే. మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు దారి తప్పి లీకయితే కన్ను మూసి తెరిచేలోగా ఆపేస్తాది. రాగి మీద దుడ్లు పెట్టాలని మనసు లాగితే, పెట్టాల్సింది ఈ తీగ మీద. మోటారు కొనేటప్పుడు కాపర్ వైండింగా, అల్యూమినియమా అని అడిగే మనమే, ఎర్త్ వైరు దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి చుట్టెయ్యన్నా" అంటాం.

గీజరు దగ్గర ఇంకో మాట. సీపీవీసీ పైపును నేరుగా గీజరు మూతికి బిగించొద్దు. అడుగు దాకా లోహపు ముక్కో, స్టీలు అల్లిక పైపో పెట్టి ఆ తర్వాత ప్లాస్టిక్ మొదలుపెట్టాల. గీజరు కింద ఉండే సేఫ్టీ వాల్వు నుంచి అప్పుడప్పుడు చుక్కలు కారతాయి. కారుతాందని ఎం-సీల్ పెట్టి మూసేసేవాళ్లను చూసినా. అది గీజరు ఊపిరి తీసుకునే ముక్కు.

సోలార్ పెట్టుకునేవాళ్లు అడుగుతారు, దాంట్లో రాగి గొట్టాలే మంచివంట కదా అని. మంచి నీళ్లు ఉండే ఊరికి మంచివే. మన ఉప్పు బోర్లకు రాగి గొట్టాల ప్లేటు రకం తొందరగా గార పట్టి మూసుకపోతాది. గాజు గొట్టాల రకం పెట్టుకుంటే కడుక్కోవచ్చు. వేడి ఎక్కువయ్యేకొద్దీ గార ఎక్కువ దిగుతాదని మర్చిపోవద్దు. గీజరును 75 డిగ్రీల మీద పెట్టి చన్నీళ్లు కలుపుకునే దాని బదులు 50, 55 దగ్గర పెట్టుకుంటే పైపుకూ మంచిది, కరెంటు బిల్లుకూ మంచిది.

రాగి, జీఐ, ప్లాస్టిక్ కలిపి వాడాల్సొస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నీళ్లు పోయే దారిలో ముందు రాగి, తర్వాత జీఐ రాకూడదు. రాగి నుంచి కొట్టుకొచ్చిన అణువులు జింకు పూత మీద కూర్చుని జీఐకి బొక్కలు పెడతాయి.

పని జరిగే రోజు

పైపులు ఏవైనా చెడేది అతుకు దగ్గరే కాబట్టి ఆ రోజు ఇంట్లో ఎవరన్నా కాపలా ఉండండి. కోసిన మూతి నున్నగా గీకినాడా, తడి తుడిచినాడా, గమ్ము రెండు పక్కలా పూసినాడా, పైపును లోపలికి తోసి కాలు చుట్టు తిప్పి అర నిమిషం పట్టుకున్నాడా, అంతే చూడాల్సింది. సీపీవీసీ గమ్ము వేరే, యూపీవీసీ గమ్ము వేరే. డబ్బా మీద చదవండి. కొళాయి బిగించే చోట ఇత్తడి మర ఉండే ఎల్బోలే వేయించండి. ప్లాస్టిక్ మరలో కొళాయి బిగించి స్పానరుతో ఒక చుట్టు ఎక్కువ తిప్పితే చీలుతాది, చీలింది అప్పుడు కనపడదు.

అతికినాక ఒక రోజు ఆగి నీళ్లు వదలాల. "సాయంత్రానికే నీళ్లు ఇచ్చేయన్నా" అని తొందర పెట్టేది మనమే. నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి ఒక రాత్రి ఉంచి చూసినాకే గోడ మూయనివ్వండి. మూసే ముందు ప్రతి గోడనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి, పక్కన టేపు పెట్టి, నేల నుంచి ఎంత ఎత్తులో పైపు పోతాందో కనపడేట్ల. రేపు గోడకు మేకు కొట్టేవాడు మీకు దండం పెడతాడు. మిద్దె మీద పైపును క్లాంపులతో గట్టిగా నొక్కేయొద్దు. పది మీటర్ల ప్లాస్టిక్ పైపు పొద్దున చలికీ మధ్యాన్నం ఎండకూ మధ్య అంగుళం దాకా సాగుతాది. రాగి అయితే పావు అంగుళం. సాగేకి సందు ఇయ్యకపోతే అది ఎల్బో మీద పడి తన్నుతాది.

మా ఇంట్లో లోపలంతా సీపీవీసీ, మిద్దె మీద రంగు పూసిన పైపు, వంటింట్లో రెండు కొళాయిలు. ఎర్త్ గుంత వేపచెట్టు పక్కన తవ్వించినాం, తడి ఆరకుండా ఉంటాదని. ఎండాకాలంలో నేల ఎండితే ఎర్త్ పని చేయదు కాబట్టి మార్చి నుంచి వారానికి రెండు బిందెల నీళ్లు దాంట్లో పోయాలని అమ్మకు చెప్పినా. "తులసికోటకు పోసేటప్పుడే దానికీ పోస్తాలే" అనె. మొన్న ఆదివారం పోయి టెస్టరు పెట్టి చూసినా. వాషింగ్ మిషను ఒంటికి లైటు వెలగలే.